వరద తర్వాతి చలికాలం: నదిలో ట్రౌట్, ఒడ్డున పొక్లెయిన్

2024 సెప్టెంబరు 27న హెలీన్ తుఫాను అమెరికాలోని పశ్చిమ నార్త్ కరోలినా కొండల మీద విరుచుకుపడింది. ఆష్‌విల్ దగ్గర ఫ్రెంచ్ బ్రాడ్ నది 24.67 అడుగులకు లేచి, 1916 జులై వరద నాటి రికార్డును అడుగున్నర మేర దాటేసింది. ఊళ్లు, వంతెనలు, తాగునీటి పైపులు కొట్టుకుపోయినచోట ఎవరికైనా ముందు తట్టేది మనుషుల గోడు. చేపల సంగతి తర్వాత. కానీ ఆ కొండ ఊళ్లలో అక్టోబరు నుంచి వేసవి మొదలయ్యేదాకా గాలాలు పట్టుకుని వచ్చే జనం మీద ఆధారపడిన ఇళ్లు చాలా ఉన్నాయి. దారి చూపే గైడ్లు, గదులు అద్దెకిచ్చేవాళ్లు, హోటళ్లు, సామాన్ల కొట్లు, పెట్రోలు బంకులు. వేసవి పర్యాటకులు వెళ్లిపోయాక ఆ ఊళ్లలో డబ్బు కళ్లబడేది ట్రౌట్ అనే చల్లటి నీటి చేప వేట వల్లే. అందుకే చేప ఎప్పటికి తేరుకుంటుందన్న లెక్క, ఊరు ఎప్పటికి తేరుకుంటుందన్న లెక్కలోనే ఒక పద్దు.

“చేపలన్నీ వరదలో పోయాయి” అన్నది ఇలాంటప్పుడు మొదట వినిపించే మాట. అందులో నిజం కొంతే. కొండ వాగుల్లో లక్షల ఏళ్లుగా వరదలు వస్తూనే ఉన్నాయి, ట్రౌట్ వాటిని తట్టుకుంటూనే ఉంది. దాన్ని నిజంగా దెబ్బతీసేది చాలాసార్లు వరద తీశాక ఒడ్డుకొచ్చి నిలబడే యంత్రాలు. ఆ యంత్రాలు రాకుండా ఊరు లేవదు. చిక్కంతా అక్కడే ఉంది.

గుడ్ల క్యాలెండరు

ప్రవాహం పైన ఎంత ఉధృతంగా ఉన్నా, నది అడుగున, ఒడ్డు అంచున, పెద్ద బండల వెనక వేగం బాగా తక్కువ. పెద్ద చేప వరదలో ఈదుతూ పోరాడదు, ఆ మూలలు చూసుకుని నక్కుతుంది. నీళ్లు ఒడ్డు దాటితే మునిగిన చెట్ల మొదళ్లలోకి, పక్కపాయల్లోకి జరుగుతుంది. నీరు ఒక్కసారిగా తీసినప్పుడు పొలాల గుంటల్లో చిక్కుకుని కొన్ని చస్తాయి. ఎక్కువ నష్టం ఆ ఏడాది పిల్లలకు. వేలెడంత చేపకు ఆ వడిని ఓర్చుకునే బలం ఉండదు. మరుసటి ఏడాది పోటీ తగ్గి, పుట్టిన పిల్లలు ఎక్కువగా బతుకుతాయి కాబట్టి ఆ లోటు కొంతవరకు పూడుతుంది.

వరద ఏ తేదీన వచ్చిందన్నది అది ఎంత పెద్దదన్నదానికంటే తక్కువ విషయమేమీ కాదు. ఆ కొండల్లో సహజంగా ఉన్న ట్రౌట్ జాతి బ్రూక్ ట్రౌట్ ఒక్కటే. బ్రౌన్, రెయిన్‌బో బయటి నుంచి తెచ్చి వదిలినవి. బ్రూక్, బ్రౌన్ శరదృతువులో గుడ్లు పెడతాయి, రెయిన్‌బో వసంతంలో. సెప్టెంబరు చివర్లో వరద వచ్చేసరికి కిందటి చలికాలపు గుడ్లు ఎప్పుడో పిల్లలయ్యాయి, కొత్త గుడ్లు ఇంకా పడలేదు. అంటే కంకరలో గుడ్లు లేని సమయం. పైగా వరద కొన్నిచోట్ల కంకరలో ఇరుక్కున్న పాత ఒండ్రును కడిగి, గుడ్లు పెట్టడానికి అనువైన శుభ్రమైన రాళ్లను మిగిల్చిపోతుంది. ఇదే వరద డిసెంబరులో వచ్చి ఉంటే రాళ్లతోపాటు గుడ్లూ దొర్లిపోయేవి.

ఆడ ట్రౌట్ తోకతో కంకరను చిమ్మి గుంట చేస్తుంది, గుడ్లు పెట్టాక ఎగువ కంకరను తవ్వి వాటిమీద కప్పుతుంది. గుడ్లు పది నుంచి ఇరవై సెంటీమీటర్ల లోతున ఉంటాయి. అవి పొదగడానికి రోజులకంటే వేడి లెక్క ముఖ్యం. రోజువారీ సగటు నీటి ఉష్ణోగ్రతల్ని కూడుకుంటూ పోతే బ్రౌన్ ట్రౌట్‌కు ఆ మొత్తం సుమారు 400 డిగ్రీలకు చేరాలి. నీరు 5 డిగ్రీల దగ్గర ఉంటే దాదాపు 80 రోజులు. నవంబరు మధ్యలో పెట్టిన గుడ్డు ఫిబ్రవరి మొదట్లో పగులుతుంది. పగిలాక కూడా పిల్ల వెంటనే పైకి రాదు, పొట్ట కింది పచ్చసొన సంచి కరిగేదాకా ఇంకొన్ని వారాలు రాళ్ల సందుల్లోనే ఉంటుంది. ఈ మొత్తం కాలంలో వాటికి అందే ప్రాణవాయువంతా కంకర సందుల్లోంచి పారే నీటిదే. ఆ సందుల్లోకి సన్న ఒండ్రు దిగితే గుడ్డు ఊపిరాడక చస్తుంది. సందులు పైన మూసుకుపోతే పొదిగిన పిల్ల లోపలే సమాధి అవుతుంది.

ట్రౌట్ ఉన్న వాగుల్లో అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు నదిలో తవ్వకాల పనులు ఆపాలని నార్త్ కరోలినాలో అడిగేది ఇందుకే. విపత్తు వచ్చాక రోడ్లు, వంతెనలు, శిథిలాల పనులన్నీ సరిగ్గా ఆ ఆరు నెలల్లోనే ముమ్మరమవుతాయి. అత్యవసరం అన్న ఒక్క మాటతో ఆ నిషేధం పక్కకు పోతుంది. వరద తప్పించిన గుడ్లకు పొక్లెయిన్ ఎదురొచ్చేది అప్పుడే.

వెర్మాంట్ నేర్చుకున్నది

ఈ వాదనకు అంచనాలతో పనిలేని ఆధారం అమెరికా ఈశాన్యంలోని వెర్మాంట్‌లో ఉంది. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుఫాను ఆ రాష్ట్రాన్ని ముంచింది. పదమూడు ఊళ్లకు దారులన్నీ తెగిపోయాయి. రోడ్లు వేయడానికి రాళ్లు కావాలి, రాళ్లు నదిలో ఉన్నాయి. యంత్రాలు దిగి కంకర ఎత్తాయి, బండలు తీశాయి, మెలికల్ని సరిచేసి నదిని కాలవలా చదును చేశాయి. తర్వాత రాష్ట్ర చేపల శాఖ లెక్క చూస్తే దాదాపు 77 మైళ్ల మేర వాగులు ఈ పనుల వల్ల తీవ్రంగా చెడ్డాయి. యంత్రం తాకని వాగుల్లో మాత్రం వరదకు తగ్గిన ట్రౌట్ సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్లలో పుంజుకుంటుందని ఆ శాఖ పాత గణాంకాలు చెబుతున్నాయి.

చదును చేసిన నది చేపకు ఎందుకు పనికిరాదో చలికాలంలోనే తెలుస్తుంది. వెడల్పు పెరిగితే అదే నీరు పల్చగా పరుచుకుంటుంది. నడుము లోతు మడుగు ఉండాల్సినచోట చీలమండ లోతు నీరు మిగులుతుంది. అలాంటి నీరు గడ్డకట్టే రాత్రుల్లో అడుగు రాళ్లకు మంచు అంటుకుని పేరుకుంటుంది, తెల్లవారాక రాళ్లను పెకలించుకుని లేస్తుంది. దాక్కోవడానికి బండ లేదు, లోతు లేదు, చెట్టు వేళ్లు లేవు. ఎండాకాలంలో ఆ పల్చటి నీరే వేడెక్కి ఇంకో గండమవుతుంది.

చేపల మాట పక్కన పెట్టినా ఇది ఊరికి నష్టమే. మెలికలు తీసేస్తే అదే ఎత్తును నది తక్కువ దూరంలో దిగాలి, అంటే వాలు పెరుగుతుంది, వడి పెరుగుతుంది. అడుగున కవచంలా పరుచుకున్న పెద్ద రాళ్లు పోవడంతో నది కిందికి కోసుకుంటూ పోతుంది. ఆ కోత అక్కడే ఆగదు, ఎగువకు పాకి, పై వంతెన పునాదిని బయటపెడుతుంది. కొట్టుకొచ్చిన మట్టంతా దిగువ వంతెన కింద మేట వేస్తుంది. తర్వాతి వరదకు ఆ రెండు వంతెనల మీదే మళ్లీ డబ్బు పోయాలి. వెర్మాంట్ 2012లో చట్టం తెచ్చి అత్యవసర పనులకూ నియమాలు పెట్టింది. రోడ్డు సిబ్బందికి నది ఎలా కదులుతుందో నేర్పే శిక్షణ మొదలుపెట్టింది. చట్టంకంటే ఆ శిక్షణే ఎక్కువ పనికొచ్చేదని అనుకోవాలి. రాత్రి వర్షంలో ఏ బండ ఎత్తాలో తేల్చేది యంత్రం నడిపేవాడే తప్ప కాగితం కాదు.

ఇంతకీ అతను తెలుసుకోవాల్సింది పెద్ద శాస్త్రమేమీ కాదు. వంతెన స్తంభాలకు అడ్డంగా పడ్డ దుంగను తీయాల్సిందే, అందులో రెండో మాట లేదు. వేరుమొద్దు ఒడ్డులో దిగబడి, పొడవు నది వెడల్పుకంటే ఎక్కువున్న చెట్టు మాత్రం అంత సులువుగా కదలదు. దాని కింద వచ్చే చలికాలానికి మడుగు తవ్వుకుంటుంది, దాన్ని వదిలేయాలి. యంత్రం ఒడ్డునే నిలబడి చెయ్యి చాచి పనిచేయాలి, చక్రాలు నీటిలో దిగకూడదు. దిగక తప్పకపోతే ఒకేచోట దిగి ఒకేచోట ఎక్కాలి. మొత్తం పాయను ఒకే మట్టానికి గీకకుండా, మధ్యలో సన్నటి లోతు పాయను వదిలితే నీరు తగ్గినా అక్కడ చేప నిలుస్తుంది. పక్కకు నెట్టిన పెద్ద బండల్ని ట్రక్కుకెక్కించకుండా తిరిగి ప్రవాహంలో చెదురుగా పడేయడానికి ఖర్చేమీ ఎక్కువ కాదు.

అయినా అలా జరగకపోవడానికి ఒక కారణం చెల్లింపుల్లో ఉంది. శిథిలాలు ఎత్తే కాంట్రాక్టరుకు మామూలుగా ఘనపు గజాల లెక్కన డబ్బు. వదిలేసిన దుంగకు పైసా రాదు, ఎత్తిన దుంగకు వస్తుంది. రెండో కారణం గడువు. హెలీన్ తర్వాత నార్త్ కరోలినాలో శిథిలాల తొలగింపుకు, అత్యవసర రక్షణ పనులకు మొదటి 180 రోజులు కేంద్ర ప్రభుత్వమే నూటికి నూరు శాతం భరించేలా ఉత్తర్వు వచ్చింది. మామూలుగా అయితే కేంద్రం వాటా కనీసం 75 శాతం. డబ్బు లేని చిన్న కౌంటీకి, అంటే మన జిల్లాలాంటి దానికి, ఆ గడువు లోపల వీలైనంత ఎత్తించేయాలన్న తొందర ఉండదా? సెప్టెంబరు చివరి నుంచి 180 రోజులు లెక్కపెడితే మార్చి చివరికి వస్తాం. గుడ్ల క్యాలెండరును, ఈ క్యాలెండరును పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

బురద నీటిలో గాలం

వరద తీసిన నదిలో పాత ఆనవాళ్లు పనిచేయవు. పోయినేడు చేప పట్టిన మడుగు కంకరతో నిండిపోయి ఉంటుంది, కంకర దిబ్బ ఉన్నచోట మడుగు పడి ఉంటుంది. గాలం తీయకముందు ఒక గంట ఒడ్డున నడవడం మేలు. చలి నీటిలో, ముఖ్యంగా 4 డిగ్రీల కిందికి దిగాక, ట్రౌట్ శక్తిని పొదుపు చేస్తుంది. ఉరికే నీటిని వదిలి మనిషి నెమ్మదిగా నడిచేంత వడి ఉన్న, మీటరుకు మించి లోతున్న చోటుకు చేరుతుంది. మెలిక లోపలి అంచు, మడుగు చివర నీరు పైకి తేలే భాగం, కొత్తగా పడ్డ వేరుమొద్దు వెనక నీడ: వెతకాల్సింది వీటిని. ఉదయం ఆరింటికి లేచి వెళ్లడం వల్ల ఒరిగేదేమీ లేదు. నీరు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కే పదకొండు నుంచి మూడున్నర మధ్య వేళే అసలు వేళ.

వరద మట్టం తగ్గినా నీరు తేటబడటానికి చలికాలంలో ఎక్కువ రోజులు పడుతుంది. చల్లటి నీరు చిక్కగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గరకంటే 5 డిగ్రీల దగ్గర దాని జిగట ఒకటిన్నర రెట్లు. కాబట్టి అదే మట్టి రేణువు మూడింట రెండు వంతుల వేగంతోనే అడుక్కి దిగుతుంది. ఒడ్డు కోతలున్న నదిలో ప్రతి చిన్న వానకూ మళ్లీ ఎర్రబడుతుంది. బూటు కొస ఎంత లోతులో కనబడకుండా పోతుందో చూడాలి. మోకాలి లోతులో కనబడితే వేటకు నీరు బాగున్నట్టే. జానెడు లోతులోనే మాయమైతే ఆ రోజు చిన్న ఉపనదులకు వెళ్లాలి, అవి ముందు తేటబడతాయి.

ఈ వేటలో ఎర అంటే నీటి పురుగును పోలేలా కొక్కేనికి కట్టిన నమూనా. దాని ఎంపిక కూడా వరదే నిర్ణయిస్తుంది. రాళ్లు దొర్లినప్పుడు వాటికింది పురుగులు పోతాయి. ముందుగా తిరిగొచ్చేవి దోమను పోలిన సన్న మిడ్జ్‌లు, తర్వాత తొందరగా తరాలు మారే చిన్న మేఫ్లైలు. నీటిలోనే మూడు నాలుగేళ్లు పెరిగే పెద్ద స్టోన్‌ఫ్లై జాతులు చివరికి వస్తాయి. మొదటి చలికాలంలో పెద్ద స్టోన్‌ఫ్లై నమూనా కట్టి రోజంతా విసరడం నిరుటి క్యాలెండరు చూసి ముహూర్తం పెట్టినట్టే. తేట నీటిలో 18 నుంచి 22 నంబరు చిన్న కొక్కేలకు కట్టిన మిడ్జ్ నమూనా, మసక నీటిలో ఎర్ర వానపాము నమూనా పనిచేస్తాయి. తెగిన ఒడ్ల నుంచి నిజం వానపాములు నీటిలో పడుతూనే ఉంటాయి మరి. బురద ఎక్కువైతే నల్లటి స్ట్రీమర్, అంటే చిన్న చేపను పోలిన నమూనా. రంగు కనబడని నీటిలో చేపకు ఆనేది ఆకారమే.

కట్టే పద్ధతి: తొమ్మిదడుగుల లీడరు (గాలం తాడు చివరి సన్నటి తీగ) చివర 4ఎక్స్, అంటే 0.18 మిల్లీమీటర్ల తీగకు బరువైన పురుగు, దాని కొక్కెం వంపు నుంచి 45 సెంటీమీటర్ల 5ఎక్స్ తీగకు చిన్న పురుగు. సీసం లేని గుండు మొదటి పురుగుకు జానెడు పైన. బెండు నుంచి గుండుకు దూరం నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు. నాలుగైదు విసుర్లకోసారైనా అడుగు తగలకపోతే గుండు పెంచాలి, ప్రతి విసురుకూ చిక్కుకుంటుంటే తగ్గించాలి. చలిలో చేప ఎరకోసం అడుగు దూరం కూడా కదలదు. ఎర దాని ముక్కు ముందుకే రావాలి, వచ్చినా పట్టు మెత్తగా ఉంటుంది, బెండు మునగదు, కాస్త ఆగినట్టు కనిపిస్తుందంతే. కర్ర రింగుల్లో మంచు పేరుకుంటే వేళ్లతో విరవకూడదు, రింగులు విరుగుతాయి. కర్ర కొసను నీటిలో ముంచి ఓ నిమిషం ఉంచితే కరిగిపోతుంది. పట్టిన చేపను గడ్డకట్టే గాలిలో పైకెత్తి ఫొటోలు దిగితే మొప్పల పొరలు గడ్డకట్టుకుపోతాయి. వలలోనే, నీటిలోనే కొక్కెం తీసి వదలాలి.

గుడ్ల గూళ్లను గుర్తుపట్టడం రాకపోతే నదిలో దిగకపోవడమే మంచిది. చుట్టూ నాచు పట్టిన రాళ్ల మధ్య కడిగినట్టు మెరిసే కోడిగుడ్డు ఆకారపు కంకర మచ్చ, ఎగువన పల్లం, దిగువన చిన్న గుట్ట. చాలామంది ఆ పల్లాన్ని తప్పించి గుట్ట మీద కాలేస్తారు. గుడ్లుండేది గుట్టలో. పైగా వరద వచ్చిన ఏడాది అన్ని రాళ్లూ కడిగినట్టే మెరుస్తాయి కాబట్టి రంగును నమ్మకుండా పల్లం, గుట్ట ఆకారాన్నే చూడాలి.

మనిషి ప్రాణం సంగతి కూడా ఇక్కడే. కొత్తగా మేట వేసిన కంకర గట్టిపడి ఉండదు, దిబ్బ అంచు మీద కాలేస్తే జారిపోతుంది. ముందు కర్రతో పొడిచి, తర్వాతే బరువు వేయాలి. వేడర్ (నీటిలో దిగేటప్పుడు తొడిగే, నీరు చొరని పొడవాటి తొడుగు) నడుం బెల్టు బిగించి ఉండాలి. మంచులో నడిస్తే ఫెల్ట్ (నొక్కిన ఉన్ని) అడుగు బూట్లకు మంచు ముద్దలు కడుతుంది, మేకులు కొట్టిన రబ్బరు అడుగు నయం. నీటి వడి రెట్టింపైతే కాళ్లమీద తోపుడు నాలుగు రెట్లు. చలి నీటిలో పడ్డవాడికి కెనడా పరిశోధకుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన లెక్క ఒకటి, పది, ఒకటి: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు పనిచేసేది పది నిమిషాలు, స్పృహ తప్పేలోపు సుమారు ఒక గంట. కొట్టుకుపోతున్నప్పుడు వెల్లకిలా, కాళ్లు దిగువకు పెట్టాలన్నది అందరికీ తెలిసిన సూత్రమే. ఎదురుగా నీటిని వడకట్టే చెట్టుకొమ్మల గుట్ట ఉంటే మాత్రం ఆ సూత్రాన్ని తిరగేయాలి. బోర్లా తిరిగి, దానివైపే గట్టిగా ఈది, పైకి ఎగబాకాలి. కాళ్లు ముందు వెళితే కొమ్మల కిందికి లాగేస్తుంది. మేటల్లో ఇనుప చువ్వలు, గాజు పెంకులు, గ్యాసు సిలిండర్లు ఉంటాయి. సిలిండరు కనిపిస్తే ముట్టుకోకుండా చోటు గుర్తు పెట్టి సిబ్బందికి చెప్పాలి. మురుగు శుద్ధి కేంద్రాలు తిరిగి నడిచేదాకా చేతికి కోత ఉన్నవాళ్లు నీటికి దూరంగా ఉండటం మేలు.

ఊరి పద్దు

నది తెరుచుకున్నా ఊరికి డబ్బు రావాలంటే దారి, దిగే రేవు, చేప మూడూ ఉండాలి. నార్త్ కరోలినాలో అక్టోబరు 1 నుంచి జూన్ మొదటి శనివారం దాకా కొన్ని వాగుల్లో పట్టి వదిలేసే వేట నడుస్తుంది. ఒంటి కొక్కెం, కృత్రిమ ఎర మాత్రమే వాడాలి. చలికాలపు రాబడి చాలావరకు దీనిదే, ఇది నడిచేది ప్రభుత్వ కేంద్రాల్లో పెంచి వదిలిన ట్రౌట్‌తో. హెలీన్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ చేపల కేంద్రం బాగా దెబ్బతినడంతో 2025లో వదిలే చేపలు తగ్గించాల్సి వచ్చింది. ఇలాంటప్పుడు ఎక్కడో కొని తెచ్చి అన్ని వాగుల్లోనూ వదలండన్న ఒత్తిడి వస్తుంది. మునుపు వదిలే వాగుల్లో వదిలితే సరే. సహజంగా పెరిగే బ్రూక్ ట్రౌట్ వాగుల్లో వదిలితే, వరదను తట్టుకుని మిగిలిన వాటికి దొరికిన తిండినీ చోటునీ బయటి చేపలు లాక్కుంటాయి.

గైడ్లకు కేంద్ర చిన్న వ్యాపారాల సంస్థ విపత్తు అప్పులు ఇస్తుంది. అయితే రాబడి లేని చలికాలంలో అప్పు కూడా బరువే. ఫ్రెంచ్ బ్రాడ్ ఒడ్డున మౌంటెన్‌ట్రూ అనే సంస్థ, పని పోయిన రివర్ గైడ్లనే కూలికి పెట్టుకుని చెత్త ఏరించడం అంతకంటే తెలివైన దారి. పడవలు, తెడ్లు, నది మీద నడత వాళ్లకు ముందే ఉన్నాయి. పొక్లెయిన్ వెళ్లలేని పాయల్లోంచి ప్లాస్టిక్ పైపుల్ని ఒడ్డు చెదరకుండా చేత్తో తీయగలరు. కొత్త అడ్డంకులు ఎక్కడున్నాయో కూడా పనిలో పనిగా తెలుసుకుంటారు.

యంత్రాలు ఒక నది నుంచి ఇంకో నదికి వెళ్లేటప్పుడు పట్టించుకోని ప్రమాదం ఒకటుంది. ట్రౌట్ పిల్లల వెన్నును వంకర చేసి గిరగిరా తిప్పే వర్లింగ్ వ్యాధి 2015లో నార్త్ కరోలినాలోని వటౌగా నదిలో బయటపడింది. దాని బీజాలు బురదలో చాలాకాలం బతుకుతాయి. గాలం వేటగాళ్లను బూట్లు కడుక్కోమని, ఎండబెట్టుకోమని బోర్డులు పెడతారు, మంచిదే. టన్నుల కొద్దీ బురదతో వచ్చే పొక్లెయిన్ తొట్టెను కూడా మరో వాగులో దించేముందు కడగాలని పని ఒప్పందంలో రాయాలి.

ఏ నష్టం వరదది, ఏ నష్టం యంత్రానిది అని ఏడాది తర్వాత తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. తవ్విన భాగం ఒకటి, దాని ఎగువన తవ్వని భాగం ఒకటి తీసుకుని, రెండుచోట్లా అడ్డంగా నడుస్తూ కళ్లు మూసుకుని బూటు కొసకు తగిలిన రాయిని తీసి కొలవాలి, అలా వంద రాళ్లు. రెండు మిల్లీమీటర్ల కంటే సన్నటివి తవ్వినచోట ఎగువకంటే బాగా ఎక్కువుంటే కంకర సందులు మూసుకున్నాయని అనుమానించాలి. శరదృతువులో కరెంటు సర్వే (నీటిలో కరెంటు పంపి చేపల్ని కాసేపు మగతలో ఉంచి లెక్కపెట్టడం) చేసే సిబ్బంది దగ్గర చేపల పొడవుల పట్టీ అడగాలి. ఐదు నుంచి పది సెంటీమీటర్ల పిల్లలు రెండుచోట్లా ఉంటే ఆ చలికాలపు గుడ్లు నిలిచినట్టు. పైన ఉండి కింద లేకపోతే, వచ్చే ఏడాది పనుల అనుమతిలో ఏ పేరా మార్చాలో ఆ పట్టీయే చూపిస్తుంది.